మాట్లాడకూడని గది

ఆ చిలుకకు మాట నేర్పింది ఆవిడ కాదు, నేను.

ఈ ఒక్క ముక్క చెప్పవలసిన చోట చెప్పలేదు. ఆ చోటు తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే ఒక మామిడితోట. పొద్దుటి ఎండ. చుట్టూ కొద్దిమంది జనం. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. అందరూ ఆవిడ వైపు చూశారు. నేను నా చేతిలోని కాగితం ప్లేటు వైపు, అందులో చల్లారిపోతున్న మిర్చి బజ్జీల వైపు చూస్తూ ఉండిపోయాను.

పోయిన నెల ఆవిడ చనిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆవిడ ఉన్న అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, బండ్లన్నీ బయట పెట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి సంతాపసభ జరిపారు. మాట్లాడినవాళ్లంతా మంచిగానే మాట్లాడారు. పక్షుల సంస్థలో ఒకప్పుడు ఆవిడతో పనిచేసిన పెద్దమనిషి మైకు తీసుకుని, ఎంతో ప్రేమగా, "ఎంత నిష్ఠగా ఉన్నా మనిషే కదండీ. పిల్లలంటే ప్రాణం ఆవిడకి. ఉండబట్టలేక చాటుగా ఓ మాట నేర్పేసింది" అన్నాడు. జనం చిన్నగా నవ్వి తలలూపారు. నేను లేచాను. అప్పటికే టీలు వచ్చేశాయి, కుర్చీలు కదిలిపోయాయి. దగ్గరున్న నలుగురికి మాత్రం అసలు సంగతి చెప్పాను. నలుగురికి చెబితే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

ఆవిడకు మాత్రం, బతికి ఉండగానే, ఆలస్యంగా అయినా చెప్పుకున్నాను. ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని సభలో అర్థమైంది. అది నేను చేయవలసిన పని అని నాకే వదిలేసినట్టుంది.

బయటికి వస్తుంటే పక్క ఫ్లాటులో ఉండే అమ్మాయి ఎదురైంది. "రెండు మూడేండ్ల సంది మధ్యాహ్నం పూట మంచిగ పండుకునేది అన్నా. అంతకు ముందు కుర్చీలనే కూసునేది, కండ్లు మూసుకుపోతున్నా పండుకోకపోయేది" అంది. ఆ అమ్మాయికి దాని వెనక ఏముందో తెలియదు.

* * *

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ బస్‌డిపో దగ్గర సందులో నాకు చిన్న కళ్లద్దాల దుకాణం ఉండేది. ఒక మధ్యాహ్నం, ఇక షట్టర్ సగం దించుదామనుకుంటుండగా ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర పడ్డ వయసు, నూలు చీర, చేతినిండా గాజులు.

"ఏం గావాలమ్మా? పరీక్షనా, ఫ్రేమా?"

"నాక్కాదు అబ్బాయ్. చిలక్కి."

"చిలుకకు చూపు మందగించిందా?"

ఆవిడ నవ్వలేదు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "అది నాకు కనపడాలి, నేను దానికి కనపడకూడదు. అలాంటి అద్దం ఉందా నీ దగ్గర?" అంది.

"గసుంటిది పోలీసోళ్ల దగ్గర ఉంటదమ్మా."

"సరే. వాళ్లని నన్నడగమంటావా, నువ్వడుగుతావా?"

గొంతు అలాంటిది. పెద్దదేం కాదు, కానీ ఆ గొంతు వింటే ఎవరైనా ఉన్నచోట ఆగిపోతారు. తరవాత తెలిసింది, ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిందని. తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం ఇక్కడికి తెచ్చింది, పెన్షన్ ఇక్కడే ఉంచింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. సెల్‌ఫోన్ మోగినా ఆవిడ హలో అనేది కాదు. "చెప్పండి, లైన్లో ఉన్నాను" అనేది. మా నల్లగొండ నుంచి ట్రంకాల్ కోసం కాచుకు కూర్చున్న రోజుల్లో మా నాయన విన్న గొంతు కూడా ఇదేనేమో.

అద్దం మీద అతికించే ఒకరకం ఫిల్మ్ ఉంటుంది, చీకటి వైపు నుంచి వెలుతురు వైపు చూడొచ్చు. అది తెచ్చి అతికించడానికి వాళ్ల అపార్ట్‌మెంటు మేడ మీదికి వెళ్లాను. అప్పుడు తెలిసింది సంగతి.

మనం రోజూ చూసే రామచిలుక కాదు ఇది. దానికన్నా బాగా పెద్దది, ముక్కు బరువుగా ఎర్రగా ఉంటుంది, రెక్క మొదట్లో కుంకుమ రాసినట్టు ఓ మచ్చ. పిట్టలమ్మేవాళ్లు పహాడీ అంటారు. మాటలు బాగా పలుకుతుందని గూళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకుపోయి, గూడు పెట్టుకునే ముసలి చెట్లు కొట్టేసి, మన చుట్టుపక్కల అది కనబడడమే అరుదైపోయింది. ఇంట్లో పెంచడం నేరం. అలా పెంచుతూ పట్టుబడ్డవాళ్ల దగ్గర దొరికిన వాటిలో, రెక్కలు పాడై ఇక ఎగరలేని వాటిని ఒక పక్షుల సంస్థ అనుమతి తీసుకుని ఆ మామిడితోటలో ఇనప వలతో పెద్ద జాలీ కట్టి ఉంచింది. అవి జతకట్టి గుడ్లు పెట్టేవి. తల్లులు ఎగరలేవు గానీ పిల్లలు ఎగురుతాయి కదా, వాటిని వదలాలని ఆలోచన. అయితే పంజరంలోనే పెరిగిన తల్లులు కొన్నిటికి పిల్లకు మేత పెట్టడం తెలియదు. గుడ్డు పొదుగుతాయి, పిల్ల నోరు తెరిస్తే వింతగా చూస్తాయి. అలాంటి పిల్లలు ఒక గుడ్డసంచిలో చుట్టుకుని ఆవిడ మేడ మీదికి వచ్చేవి.

మేడ మీద ఒక్కటే గది. గోడలకు లోపలి వైపు కోడిగుడ్ల అట్టలు అతికించి, వాటి మీద పాత బొంతలు వేలాడదీసింది. కిటికీకి పచ్చటి వల. మధ్యాహ్నం ఆ గదిలోకి వచ్చే వెలుతురు నీళ్ల అడుగున ఉండే వెలుతురులా ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ అంతా కింద ఎక్కడో మునిగిపోయినట్టు, బస్సుల హారన్లు, కోచింగ్ సెంటర్ల పిల్లల కేకలు పైన ఎక్కడో తేలుతున్నట్టు ఉండేది. గడప బయట మేకుకు ఆవిడ గాజులు వేలాడుతుండేవి. గాజులు తీసి లోపలికి వెళ్లేది. పచ్చ మేజోడుకు ఎర్రగుడ్డ ముక్కు కుట్టి, దాన్ని చేతికి తొడుక్కుని, పిల్లల పెట్టె అద్దం కింద ఉన్న రంధ్రంలోంచి గోరువెచ్చని జావ పట్టేది. పిల్లకు కనబడేది ఆ పచ్చటి ముక్కు ఒక్కటే. మనిషి మొహం కనబడకూడదు, మనిషి గొంతు వినబడకూడదు. మనిషి గొంతు విని పెరిగిన పిల్ల మనిషినే సొంతం అనుకుంటుంది. ఎంత దూరంలో వదిలినా మనిషి దగ్గరికే వస్తుంది. మనిషి దగ్గరికి వచ్చిన చిలుక చివరికి ఎక్కడ తేలుతుందో చెప్పనక్కర్లేదు.

జీవితమంతా మాట్లాడి జీతం తీసుకున్న మనిషి ఆ గదిలో ఒక్క అక్షరం పలికేది కాదు. బయట మాత్రం మాటకు అంతుండేది కాదు. ఎవరికైనా ఏదైనా చెబుతూ మెట్లెక్కేది, గడప దగ్గరికి రాగానే ఎక్కడి మాట అక్కడ ఆపేసేది. "మా పెద్దాడపడుచు ఉందే, ఆవిడ ఏం చేసిందంటే," అంటూ గాజులు తీసేది. లోపల మేతలయ్యేసరికి చాలాసేపు పట్టేది. బయటికొచ్చి గాజులు తొడుక్కుంటూ, "పులుసులో బెల్లం వెయ్యడం మర్చిపోయింది" అని సరిగ్గా అక్కడినుంచే అందుకునేది. మధ్యలో ఉన్న సమయమంతా ఆవిడకు లెక్కలోకి వచ్చేది కాదు.

ఆ వీధిలోకి కూరగాయల బండి వచ్చేది, రికార్డు చేసిన మైకుతో. ఆవిడ కిందికి దిగి బండికి అడ్డం నిలబడింది ఒకరోజు.

"మా సందులోకి రాగానే మైకు కట్టెయ్యి."

"మైకు బంద్ చేస్తే గిరాకీ ఎట్లొస్తదమ్మా?"

"నేను పిలుస్తాగా. నీ మైకు కన్నా నా గొంతు బాగుంటుంది."

నిజంగానే పిలిచింది. సందు మొదట్లో నిలబడి, ఆపరేటరు గొంతుతో, "ఉల్లిపాయలు, టమాటాలు వచ్చి ఉన్నవి. కావలసినవారు దయచేసి కిందికి రండి" అంది. హాస్టల్ పిల్లలు బాల్కనీల్లోంచి చప్పట్లు కొట్టారు. బండివాడు ఆ పూట తొందరగా అమ్ముకుపోయాడు. తరవాత నుంచి ఆ సందు మలుపులో మైకు కట్టేసి, ఆవిడ కోసం ఎదురుచూసేవాడు.

* * *

ఆవిడతో నాకు బాగా గుర్తుండిపోయిన ప్రయాణం ఒకటి ఉంది. ప్లాటు కొనడానికి వెళ్లాం.

కొనడానికి కాదు. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు కొత్తగా ఒక వెంచర్ వేశారు. జెండాలు, టెంటు, చల్లటి మజ్జిగ. ఆ స్థలం మధ్యలో తల ఎండిపోయి మోడైన తాటిచెట్టు ఒకటి, పైన ఒక తొర్ర. ఆవిడ బస్సులోంచి చూసింది. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి, "రేపు నువ్వు నా కొడుకువి" అంది.

ప్లాట్లు చూపించే కుర్రాడు మమ్మల్ని మర్యాదగా తిప్పాడు. ఆవిడ నేరుగా మోడు దగ్గరికి నడిచింది.

"ఇదే కావాలి నాకు."

"మంచిది పట్టిండ్రమ్మా, తూర్పు ఫేసింగ్. గా మోడు రేపే జేసీబీ వెట్టి తీపిస్తం, ఫికర్ చెయ్యకుండ్రి."

"తీస్తే నాకీ ప్లాటే వద్దు."

"మోడుంటే వాస్తుకు మంచిది గాదమ్మా."

"మా సిద్ధాంతి ఉండాలన్నాడు. ఎండిన తాటిచెట్టున్న స్థలమైతేనే మా వాడికి కలిసొస్తుందట." ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది.

కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "అన్నా, నువ్వన్న చెప్పరాదే."

"నేనేం చెప్త తమ్మీ. అమ్మ ఎట్లంటె గట్లనే."

ఆ మోడు ఆ ఏడాది నిలబడింది. అప్పుడప్పుడూ ఆవిడ ఆ కుర్రాడికి ఫోన్ చేసి, "చెప్పండి, లైన్లో ఉన్నాను. మా వాడికి లోన్ ఇంకా రాలేదండీ. చెట్టు ఉంది కదా?" అని అడిగేది. పైన తొర్రలో చిలుక పిల్లలు ఎగిరిపోయాక ఫోన్ చేయడం మానేసింది. ఇలాంటి వెంచర్లు ఆవిడకు సాగర్ రోడ్డు మీద కొన్ని, విజయవాడ రోడ్డు మీద కొన్ని ఉండేవి. ఏటా ఎవరో ఒకరం ఆవిడ కొడుకులం, కోడళ్లం అయ్యేవాళ్లం.

ఆ రోజు తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంది. "తోటలో వాటిచేత గుడ్లు పెట్టించడం సగం పనే అబ్బాయ్. ఎగిరినదానికి వెళ్లి ఉండడానికో తొర్ర ఉండాలి. లేదనుకో, మనం ఇంత కష్టపడి పెంచింది పిట్టలమ్మేవాడి కోసమే." అని కిటికీ బయటికి చూస్తూ, "మనుషులు ఎండిపోయిన చెట్టుని చూస్తే ఎందుకలా కంగారు పడతారో" అంది. బస్సు అద్దంలో ఎండిన తాటిచెట్లూ కొత్త గోడలూ ఒకదానిలోంచి ఒకటి జారిపోతూ కనిపించాయి.

* * *

ఇప్పుడు నా సంగతి.

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాట లేదు. పెద్ద గొడవేం జరగలేదు. చిన్నచిన్నవి పేరుకుని, నేనూ నా భార్యా మాట్లాడుకోవడం మానేశాం. మానేసిన కొన్నాళ్లకు ఆమె చౌటుప్పల్‌లో తల్లిగారింటికి వెళ్లింది. దుకాణంలో రోజంతా "ఇప్పుడు కనబడుతుందా, ఇప్పుడు?" అని అడగడం తప్ప నాకు వేరే మాట ఉండేది కాదు. మధ్యాహ్నం షట్టర్ దించి మేడ మీదికి వెళ్లేవాణ్ని. ఆవిడ నాకు మేత పట్టడం నేర్పింది. తెల్లవారకముందే లేచి మేతలు మొదలుపెట్టేది కాబట్టి, ఆ పూట పని నాకు అప్పగించి, అదే గదిలో మూలన చాప మీద ఒక కునుకు తీసేది.

ఆ ఏటి పిల్లల్లో ఒకటి బలహీనమైనది. ఎర్ర రింగు దాని కాలికి. మిగతావి తోటకు వెళ్లిపోయినా దాన్ని ఇంకొన్నాళ్లు ఉంచుకుంది. తోక సగం పెరిగింది, రెక్కలు పూర్తిగా వచ్చాయి. పచ్చటి వెలుతురులో అద్దానికి అటువైపు అది, ఇటువైపు నేను. మూలన ఆవిడ ఊపిరి మెల్లగా వినబడుతుండేది.

మొదటిసారి నోరు జారి అన్నాను. జావ నిండిన చెంచా పెడుతూ, "దా" అన్నాను. ఎవరికీ వినబడనంత చిన్నగా. ఇంటికొచ్చిన మనిషిని, పక్కన కూర్చోమని పిలిచే పిల్లను, ఎవరినైనా మనం అనే మాటే. పిల్ల తల పక్కకు వంచి విన్నది. మరుసటి రోజు మళ్లీ అన్నాను. తప్పని తెలుసు. గడప దగ్గర గాజులు చూస్తూనే లోపలికి వెళ్లేవాణ్ని కదా, తెలియకుండా ఎలా ఉంటుంది. అయినా ఆ మాట కోసమే మెట్లెక్కడం మొదలుపెట్టాను.

ఒకరోజు బయట ఎండ తెల్లగా కాస్తోంది. ఆవిడ నిద్రలో ఉంది. నేనింకా ఏమీ అనకముందే, అద్దం అవతల్నుంచి, నా గొంతులాగా, నా గొంతు కన్నా మెత్తగా వచ్చింది. "దా."

నన్ను ఎవరైనా లోపలికి పిలిచి ఎన్నాళ్లయిందో. నేను ఆ గదిలో నేల మీద కూర్చుని చప్పుడు రాకుండా ఏడ్చాను. లేచి ఆవిడను నిద్రలేపి ఆ క్షణమే చెప్పి ఉంటే, ఆ పిల్లను వదలకుండా ఆపేవారు. అంతకు మించి ఏ నష్టమూ జరిగేది కాదు. చెప్పలేదు. తోటలో చిలుకల మధ్య పడ్డాక మరిచిపోతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తోటలో అది నిజంగానే ఒక్కసారి కూడా పలకలేదు. చిలుకల్లో చిలుకలా అరుస్తుంటే నాకు ధైర్యం వచ్చింది.

తొలకరి పడ్డాక ఒక పొద్దున వాటిని వదిలారు. అనుమతులిచ్చే ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, సంస్థవాళ్లు, తోట యజమాని కుటుంబం, ఫోన్లు పట్టుకుని ఇంకొందరు. జాలీ తలుపు తీసి అందరం వెనక్కి జరిగాం. ఒక్కొక్కటీ గడప మీదికొచ్చి, ఆగి, ఎగిరింది. తడి ఆకాశంలో ఆ పచ్చటి గీతలు చూస్తూ ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎర్ర రింగుది చివర్న వచ్చింది. అన్నిటికన్నా పైకి వెళ్లింది. తోట మీద ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టు ఇంకా నా కళ్లలో తిరుగుతూనే ఉంటుంది. తరవాత అది కిందికి దిగింది. దిగి, మామిడికొమ్మలన్నీ దాటుకుని, టిఫిన్లు పెట్టిన బల్ల మీద, ఆఫీసాయన చెయ్యి పక్కన వాలి, తల వంచి అంది.

"దా."

మొదట అందరూ నవ్వారు. ఆఫీసాయన కూడా నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటమ్మా? లోపల మాట్లాడుతున్నారా మీరు?"

"లేదండీ" అంది ఆవిడ. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, "తెలిసి మాట్లాడలేదండీ" అంది.

ఎవరో వెనకనుంచి, "టెలిఫోన్ ఆపరేటరు కదా సార్, నోరు ఎలా ఊరుకుంటుంది" అన్నారు. నేను బజ్జీల వైపు చూస్తూ ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో షేరింగ్ ఆటోలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. వాన సన్నగా పడుతోంది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఆటో ఆగింది. ఆవిడ రోడ్డు వైపే చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "నేనే అయ్యుంటాను అబ్బాయ్. నిద్రలో మాట్లాడతానని మా ఆయన అంటుండేవారు. ఎక్స్ఛేంజిలో పనిచేసినవాళ్లకి అందరికీ ఉండేదా జబ్బు. ఆ మూలన పడుకోకుండా ఉండాల్సింది."

ఆటో కదిలింది. నేను ఏమీ అనలేదు.

ఎర్ర రింగుదాన్ని మళ్లీ జాలీలోనే ఉంచేశారు. పిల్లల్ని ఇక ఆవిడకు ఇవ్వకూడదని చెప్పేశారు. ఆ మరుసటి ఏడు తల్లులు వదిలేసిన పిల్లల్ని పెంచడానికి ఇంకెవరూ దొరకలేదు. అవి తోటలో పెట్టెల్లోనే పోయాయి. ఆవిడ పక్క ఫ్లాటు అమ్మాయిని బతిమాలి, మధ్యాహ్నాలు తన పక్కన కూర్చోబెట్టుకుని పడుకుందట, నిద్రలో ఏమంటుందో వినమని. "గురక తప్ప ఏం లేదు ఆంటీ" అని ఆ అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదట. చివరికి మధ్యాహ్నం పడుకోవడమే మానేసింది. ఇదంతా నాకు వాళ్లూ వీళ్లూ చెబితే తెలిసింది. నేను మేడ ఎక్కడం మానేశాను. నా భార్య తిరిగి వచ్చింది, దుకాణం ఎల్బీనగర్‌కు మార్చాను. ఆ సందు గుండా పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ని. సాయంత్రాలు మెట్రో పట్టాల మీదుగా చిలుకల గుంపు అరుచుకుంటూ పోతే తల ఎత్తేవాణ్ని కాదు.

* * *

చాలా ఏళ్లకు, ఒక మధ్యాహ్నం, ఆవిడే నా దుకాణంలోకి నడిచి వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గాజులు అవే.

"చెప్పు, లైన్లో ఉన్నావా?" అంది గుమ్మంలోంచే.

శుక్లాలకు ఆపరేషన్ అయిందట, కొత్త అద్దాలు కావాలట. లోపల పరీక్ష చేసే చీకటి గదిలోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. అద్దాలు మార్చి మార్చి చూసే బరువైన ఇనప ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టాను. ఎదురుగోడ మీద అక్షరాలు మాత్రం వెలుగుతున్నాయి.

"తొందరగా చెయ్యి అబ్బాయ్, నాకు పనుంది. మన ఎర్ర రింగుది లేదూ, అది తోటలోనే ఉండిపోయింది కదా. జత కట్టింది. పిల్లలకి అదే మేత పెట్టుకుంది, మన అవసరమే రాలేదు. పోయినేడు దాని పిల్లల్ని వదిలారు. ఒకదానికి పసుపు రింగు. ఇప్పుడా పసుపు రింగుది సాగర్ రోడ్డు పక్క మోడులో గూడు పెట్టిందని చెబుతున్నారు. నేను రోజూ వెళ్తున్నాను. తొర్ర కనబడుతోంది, పిట్ట కనబడుతోంది. కాలికి రింగు ఉందో లేదో కనబడి చావట్లేదు."

"ఇప్పుడు కనబడుతుందా?" అన్నాను అద్దం మార్చి.

"మసగ్గా ఉంది."

"ఇప్పుడు?"

"కొంచెం నయం." ఇనప ఫ్రేము సర్దుకుంటూ, "ఆ ఎర్ర రింగుదాని పాపం మాత్రం నాదేలే. పాపం, ఎగిరి కూడా మళ్లీ జాలీలోకి వచ్చి పడింది" అంది.

ఆ చీకట్లో నేనావిడకు కనబడను. ఆవిడ మొహం మాత్రం నాకు కనబడుతోంది. సరిగ్గా నేను ఆ రోజుల్లో అతికించిన అద్దంలాగే. చేతిలో అద్దం ముక్క పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మా, మీరు నిద్రల ఏం అనలే" అన్నాను. "గా మాట నేర్పింది నేను. మధ్యాహ్నం మీరు పండుకున్నప్పుడు, రోజూ."

ఆవిడ కదల్లేదు. మేడ మీది ఆ గదిలో ఎలా ఉండేదో, అలాగే ఉండిపోయింది. ఊపిరి మాత్రం వినబడుతోంది. బయట బస్సులు, మెట్రో, ఎవరో గిరాకీ గ్లాసు తలుపు తట్టడం, అన్నీ పైన ఎక్కడో తేలుతున్నట్టు వినబడ్డాయి.

"ముందు లైటు వెయ్యి" అంది చివరికి.

వేశాను. ఆవిడ ఇనప ఫ్రేము తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా పాత కళ్లజోడు ఇటివ్వు. నీ మొహం కనబడట్లేదు." ఇచ్చాను. పెట్టుకుని నన్ను చూసింది. కోపంగా కాదు. దూరంగా ఉన్న మోడు మీద తొర్రను వెతుకుతున్నట్టు చూసింది.

"రోజూ నా పక్కన కూర్చుని వినమని పక్క ఫ్లాటు పిల్లని ఎంత ఏడిపించానో తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసీ ఊరుకున్నావు."

"ఊరుకున్న."

"ఆ రోజు ఆటోలో నేనేమన్నాను?"

"నేనే అయ్యుంటా, నిద్రల అనుంటా అన్నరు."

"అప్పుడు నువ్వేమన్నావు?"

"ఏం అనలే."

ఆవిడ ఇనప ఫ్రేమును పక్కన బల్ల మీద పెట్టింది. గాజులు సర్దుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆటోలో కూర్చున్నట్టే కూర్చుంది.

"అయితే అక్కడినుంచే చెప్పు" అంది.

నేను ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీరు గాదమ్మా," అన్నాను. "నేను. నా ఇంట్ల మాట లేక మీ ఇంట్ల దొంగతనం చేసిన. నా తప్పు మీ నిద్ర మీద వేసి, మీరు మోస్తుంటే చూసుకుంట ఊకున్న. నన్ను క్షమించుండ్రి."